సగం రోజు బడి, సగం రోజు మిల్లు

పని చేస్తూ చదువుకోవడం అనే ఆలోచన గురించి చదివితే పెద్ద పెద్ద మాటలు తగుల్తాయి. చేతికీ మెదడుకీ పొత్తు, శ్రమకి గౌరవం, జీవితమే పాఠశాల. నాకు మాత్రం ఆ చరిత్రలో ఒక చిన్న వస్తువు మీద ఆసక్తి: హాజరు కాగితం. పిల్లవాడు ఈ వారం బడికి వచ్చాడా, పనికి వెళ్లాడా? ఎవరు చూశారు? ఎవరు సంతకం పెట్టారు? ఈ ప్రశ్నలు ఎంత చప్పగా ఉన్నా, ఇలాంటి పథకాలు నిలబడ్డదీ కూలిపోయిందీ వీటి దగ్గరే.

ఇంగ్లండ్‌తో మొదలుపెడదాం. 1833 ఫ్యాక్టరీ చట్టం తొమ్మిదేళ్లలోపు పిల్లల్ని చాలా బట్టల మిల్లుల్లో పెట్టుకోకూడదంది. ఆపై పదమూడేళ్ల లోపు వాళ్లకి రోజుకి 9 గంటలు, వారానికి 48 గంటలకి మించి పని ఉండకూడదు. దాంతోపాటు వారానికి ఆరు రోజులు, రోజుకి రెండు గంటలు బడికి వెళ్లాలి. వెళ్లినట్టు పంతులు ఇచ్చిన చీటీ లేకపోతే ఆ పిల్లవాణ్ణి పనిలో ఉంచుకోకూడదు. ఇదంతా తనిఖీ చెయ్యడానికి దేశం మొత్తానికి నలుగురే ఇన్‌స్పెక్టర్లు.

చట్టం చీటీ అడిగింది, చీటీలు వచ్చాయి. కొన్నిటి మీద పంతులు సంతకం బదులు ఇంటూ గుర్తు ఉండేది. చదువు చెప్పినట్టు ధ్రువీకరించే మనిషికే తన పేరు రాయడం రాదు! అందుకని 1844 చట్టం, పంతులు తన చేతిరాతతో చీటీ నింపి తానే సంతకం పెట్టాలంది. పిల్లల పనిని రోజుకి ఆరున్నర గంటలకి తగ్గించి, బడిని మూడు గంటలకి పెంచింది. సగం రోజు బడి, సగం రోజు మిల్లు అనే పద్ధతి సరిగ్గా స్థిరపడింది అప్పుడే. కానీ ఆ సవరణ బాగు చేసింది చీటీని. పంతులికి సంతకం వచ్చినంత మాత్రాన పాఠం వచ్చినట్టు కాదు కదా.

మరుసటి ఏడాది, 1845లో, బట్టల మీద అచ్చులు వేసే కార్ఖానాలకి వేరే చట్టం వచ్చింది. అక్కడ పని ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. ఆర్డర్లు వస్తే పిల్లలు కావాలి, లేకపోతే అక్కర్లేదు. అందుకని రోజువారీ బడి నియమం తీసేసి, ఆరు నెలల్లో కనీసం 30 రోజులు, మొత్తం 150 గంటలు బడికి వెళ్తే చాలన్నారు. ఒక రోజులో రెండున్నర గంటలకి తక్కువైతే లెక్కలోకి రాదు, అయిదు గంటలకి మించినా ఆ పైది లెక్కలోకి రాదు. లెక్కకి ఏ లోటూ లేని నియమం. ఆచరణలో ఏమైంది? పని లేనప్పుడు పిల్లల్ని బడికి తోలేవారు, ఆర్డరు రాగానే లాగేసేవారు. ఇవాళ పొద్దున, రేపు మధ్యాహ్నం, తర్వాత కొన్ని వారాలు అసలు లేదు. 150 గంటలు మాత్రం పూర్తయ్యేవి. ముందు వారం ఎక్కడ ఆగాడో పిల్లవాడికీ గుర్తుండదు, పంతులికీ గుర్తుండదు.

మార్క్స్ 1867లో వచ్చిన 'పెట్టుబడి'లో ఈ చీటీల బాగోతాన్ని ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ల నివేదికల నుంచే తవ్వి తీశాడు. అయినా చదువునీ పనినీ కలపడమనే ఆలోచనని ఆయన కొట్టిపారెయ్యలేదు. భవిష్యత్తు విద్యకి బీజం అందులో ఉందన్నాడు. ఈ రెండిటినీ కలిపి చదవాలనిపిస్తుంది. ఆలోచన మంచిదే. దాన్ని నడిపించిన కాగితం మాత్రం ఒక్క ప్రశ్నే అడిగింది: ఉన్నాడా, లేడా?

ఇదే సగం రోజు మన దేశానికీ వచ్చింది, బడి లేకుండా. 1881 ఫ్యాక్టరీ చట్టం ఏడు నుంచి పన్నెండేళ్ల పిల్లలకి రోజుకి 9 గంటల హద్దు పెట్టింది. 1891 చట్టం తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ల వాళ్లకి దాన్ని 7 గంటలు చేసింది. 1922లో పన్నెండు నుంచి పదిహేనేళ్ల వాళ్లకి 6 గంటలైంది. మరి మిగిలిన సగం రోజు పిల్లవాడు ఎక్కడుండాలి? చట్టం చెప్పలేదు. దాంతో కొందరు పిల్లలు వేరే పేరుతో, వేరే సర్టిఫికెట్‌తో రెండో మిల్లుకి వెళ్లారు. రెండు చోట్లా హాజరు సక్రమమే! 1926 సవరణలో, ఒకే రోజు రెండు ఫ్యాక్టరీలకి పంపిన తల్లిదండ్రులకి శిక్ష పెట్టారు. బడి కట్టించని చట్టం, ఇంట్లో వాళ్లకి జరిమానా వేసింది.

ఇంకో దారి అమెరికాలో కనిపిస్తుంది. 1906లో సిన్సినాటి విశ్వవిద్యాలయంలో హెర్మన్ ష్నైడర్ 27 మంది ఇంజనీరింగ్ విద్యార్థులతో ఒక పద్ధతి మొదలుపెట్టాడు. ఒక వారం తరగతి, ఒక వారం కార్ఖానా. 1908లో మసాచుసెట్స్‌లోని ఫిచ్‌బర్గ్ హైస్కూల్ దాన్ని అందుకుంది. మొదటి ఏడాది పూర్తిగా బడి, తర్వాత మూడేళ్లు వారం మార్చి వారం పని. ఒక్కో ఉద్యోగానికి ఇద్దరు కుర్రాళ్ల జత. ఈ వారం బడిలో ఉన్నవాడు శనివారం కార్ఖానాకి వెళ్లి, తన జతగాడు యంత్రం మీద ఏం చేస్తున్నాడో చూసుకునేవాడు. సోమవారం అక్కణ్ణుంచే అందుకునేవాడు.

సాఫ్ట్‌వేర్‌లో పనిచేసేవాళ్లకి ఇది హ్యాండోవర్ అని వెంటనే అర్థమౌతుంది. దీనిలో గొప్ప ఏమిటంటే, హాజరు ఎవరి ఫైల్లోనో పడే కాగితం కాకుండా ఇద్దరు కుర్రాళ్లు ఒకరికొకరు పడ్డ బాకీ అయింది. రాకపోతే మొదట తెలిసేది జతగాడికే. దీనికీ లోపం ఉంది. వ్యాపారం మందగించి ఒక్క ఉద్యోగం పోతే రోడ్డున పడేది ఇద్దరు. వాళ్లని ఇంకో చోట కుదర్చడానికి, కార్ఖానా తెలిసిన పంతులు ఒకడు బడి వైపు నుంచి తిరుగుతూ ఉండాలి.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. ఇంటర్ ఒకేషనల్ కోర్సుల్లో ఆన్ ది జాబ్ ట్రైనింగ్ ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 నాటి డిగ్రీ సంస్కరణలు పది నెలల ఇంటర్న్‌షిప్‌ని తప్పనిసరి చేశాయి. ఇంకోపక్క, డబ్బు కడితే ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ చేతికిచ్చే దుకాణాల గురించి ఇంజనీరింగ్ చదివినవాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. దానికి విరుగుడంటూ లొకేషన్‌తో సెల్ఫీ, జీపీఎస్ యాప్ అంటాం. 1844లో చేతిరాత అడిగినవాళ్ల తర్కమూ ఇదే. ఫోను అక్కడుందని జీపీఎస్ చెప్తుంది. దాని యజమాని నెలంతా జిరాక్సులు తీస్తూ గడిపాడని చెప్పదు.

అలా గడపలేక అతను మధ్యలో వేరే చోటికి మారదామనుకుంటే? అప్పటిదాకా చేసింది లెక్కలోకి వస్తుందా? కొత్త చోటు వెతికే బాధ్యత ఎవరిది? ఈ ప్రశ్నలకి జవాబు ముందే లేకపోతే రెండే దారులుంటాయి. పనికిరాని చోటే గంటలు నింపుకుంటూ కూర్చోవడం, లేదా కాగితం కొనుక్కోవడం. అచ్చు కార్ఖానా పిల్లల 150 గంటలూ, రెండో మిల్లుకి వెళ్లిన పిల్లల మారుపేర్లూ ఇక్కడికే దారి తీస్తాయి.

ఇంగ్లండ్ 1918 విద్యా చట్టంతో సగం రోజు పద్ధతిని ఎత్తేసింది. మనం ఇంటర్న్‌షిప్‌ల్ని ఎత్తెయ్యక్కర్లేదు. ఎంతమంది విద్యార్థులు ఎన్ని గంటలు పూర్తి చేశారన్న లెక్కతో పాటు, నెలకోసారి ఒక లెక్చరర్ ఆ చోటికి వెళ్లి వాళ్ల పని చూశారా, ఎవరైనా చోటు మారతానంటే విన్నారా అన్న లెక్క కూడా కాలేజీని అడిగితే చాలు. ఇన్నాళ్లూ హాజరు వేసింది పిల్లలకే. కాలేజీ హాజరు కూడా ఒకసారి తీసుకుందాం.