వరంగల్ వస్త్రచరిత్ర: ఫ్యాషన్ ప్రచారం – నిత్యజీవితం

ఉపోద్ఘాతం

ఫ్యాషన్ ప్రచారం అనగానే నేటి ప్రకటనలు, సినీతారలు గుర్తుకు వస్తారు. కాని ఒక వస్త్రం గొప్పదని లోకానికి చాటి, దాన్ని కోరుకునేలా చేసే ప్రయత్నం చాలా ప్రాచీనమైనది. అటువంటి ప్రచారం వరంగల్ ప్రజల నిత్యజీవితాన్ని, ముఖ్యంగా నేతకారుని బతుకును ఏ మేరకు ప్రభావితం చేసిందో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

కాకతీయుల కాలం

కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించి సముద్ర వర్తకులకు రక్షణ కల్పించాడు. 13వ శతాబ్ది చివర ఈ రాజ్యాన్ని వర్ణించిన వెనిస్ యాత్రికుడు మార్కోపోలో ఇక్కడి సన్నని బట్టను సాలెగూటితో పోల్చాడు. దాన్ని ధరించడానికి ఇష్టపడని రాజుగాని రాణిగాని ఉండరన్నాడు. వర్తకుని మాట, యాత్రికుని రాత ఆనాటి ప్రకటనలు. వాటివల్ల వస్త్రానికి పేరు వచ్చింది. నేసినవాని పేరు మాత్రం ఎక్కడా నిలవలేదు.

ప్రదర్శన నుండి మిల్లు దాకా

1851లో లండన్‌లో జరిగిన మహాప్రదర్శనలో వరంగల్ తివాచీలు చోటు సంపాదించాయి. ఆ ఖ్యాతి సంపన్నుల ఇళ్ళను అలంకరించింది. సామాన్యుని ఒంటిమీది బట్టను మార్చినది మిల్లు. 1934లో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పాలనలో ఆజంజాహీ మిల్లు ఏర్పడి, వరంగల్‌కు కార్మికనగరమనే రూపునిచ్చింది. 2002లో అది మూతపడింది.

నేటి ప్రచారం

స్వదేశీ ఉద్యమం 1905 ఆగస్టు 7న ఆరంభమైన సందర్భానికి గుర్తుగా, 2015 నుండి ఆ తేదీన జాతీయ చేనేత దినోత్సవం జరుగుతున్నది. తెలంగాణలో సోమవారం చేనేత ధరించాలని అప్పటి మంత్రి కె. తారకరామారావు పిలుపునిచ్చారు. సినీనటి సమంత చేనేత ప్రచారంలో పాల్గొన్నారు. వారంలో ఒకరోజు అనే నియమం వల్ల చేనేత పండుగ బట్టగా మిగిలిపోక, ఉద్యోగుల దైనందిన వేషంలోకి వచ్చే వీలు కలిగింది.

అయితే ఈ ప్రచారం ప్రధానంగా చీర చుట్టూ తిరుగుతుంది. పోచంపల్లి, గద్వాల చీరలకు అది సహజంగా అమరుతుంది. వరంగల్ కొత్తవాడ మగ్గాలమీద నేసేది జంపఖానా. 2018లో వరంగల్ దర్రీలుగా దానికి భౌగోళిక గుర్తింపు లభించింది. కాని అది కట్టుకునేది కాదు, పరచుకునేది. ఒకప్పుడు పెళ్ళి పందిళ్ళలో, సభల్లో జంపఖానా పరచిన చోట నేడు ప్లాస్టిక్ కుర్చీలు, చాపలు వచ్చాయి. తారలు ధరించి చూపలేని వస్తువు ఫ్యాషన్ కంటికి ఆనదు.

ముగింపు

వరంగల్ వస్త్రానికి కీర్తి ఏనాడూ కొరత కాలేదు. కొరత నిలకడైన గిరాకీదే. ప్రచారం అలవాటుగా మారినప్పుడే మగ్గానికి పని దొరుకుతుంది. చీరకు సోమవారం దొరికినట్లే, జంపఖానాకు కూడా బడిలో, వసతిగృహంలో, కార్యాలయంలో ఒక నిర్దిష్ట స్థానం కల్పించాలి. అప్పుడే భౌగోళిక గుర్తింపు కాగితానికే పరిమితం కాక, నేతకారుని ఇంటికి చేరుతుంది.