చెరువు లేని ఊరి లేకర్స్

లాస్ ఏంజలెస్‌లో చెప్పుకోదగ్గ సరస్సు లేదు. పార్కుల్లో తవ్వించిన కొలనులు కొన్ని ఉన్నాయి, చుట్టూ నడిచి రావడానికి అరగంట చాలు. అయినా అక్కడి బాస్కెట్‌బాల్ జట్టు పేరు లేకర్స్, అంటే సరస్సుల సీమవాళ్లు. ఓ తెలుగు దినపత్రిక క్రీడా డెస్కులో పనిచేసిన రోజుల్లో ఈ పేరు నా చేతుల మీదుగా ఎన్నిసార్లు అచ్చుకు వెళ్లిందో లెక్కలేదు. రంజీ స్కోర్లు, స్థానిక లీగు ఫలితాలు సర్దాక పేజీ అడుగున రెండంగుళాల జాగా మిగిలితే ఏజెన్సీ కాపీలోంచి ఎన్‌బీఏ ఫలితం ఒకటి తెచ్చి ఫిల్లరుగా పడేసేవాళ్లం. ఇవాళ లేకర్స్ గెలిచింది, రేపు జాజ్ ఓడింది. ఉటా అనే ఎడారి రాష్ట్రానికి జాజ్ సంగీతంతో పనేమిటని డెస్కులో ఎవరూ అడగలేదు. అడిగే తీరికా లేదు, సిటీ ఎడిషన్ వెళ్లిపోవాలి.

రిటైరయ్యాక అమ్మాయి దగ్గరికి మినియాపొలిస్ వెళ్లినప్పుడు గానీ ఈ పేరు అసలు ఇల్లు ఎక్కడో నాకు కళ్లకు కట్టలేదు. అమ్మాయి కారు నంబరు ప్లేటు మీదే ‘పదివేల సరస్సులు’ అని రాసి ఉంటుంది. నిజానికి మిన్నెసోటా రాష్ట్రం తక్కువ చేసి చెప్పుకుంటోంది. పదెకరాలకు మించినవే 11,842 ఉన్నాయని ప్రభుత్వ లెక్క. వాళ్ల ఇంటి వెనక ఉన్నదీ వాటిలో ఒకటి. జనవరిలో అది ఎంత గట్టిగా బిగుసుకుపోతుందంటే పికప్ ట్రక్కులు దాని మీదికే నడుపుకుంటూ వెళ్తారు. నడిమధ్యలో చిన్న గుడిసెలాంటిది దించి, మంచులో మర పెట్టి రంధ్రం తొలిచి, అందులోకి గాలం వదిలి, పక్కన స్టవ్ వెలిగించుకుని కూర్చుంటారు. చేప పడిందా లేదా అన్నది తర్వాతి సంగతి, కబుర్లు మాత్రం సాయంత్రం దాకా సాగుతాయి. ఇలాంటి ఊళ్లో జట్టు పెడితే లేకర్స్ అని కాక ఇంకేం పెడతారు?

జట్టు పుట్టిన కథ వ్యాపార కథే. 1947లో బెన్ బెర్గర్, మోరిస్ చాల్ఫెన్ అనే ఇద్దరు మినియాపొలిస్ వ్యాపారులు డెట్రాయిట్ జెమ్స్ అనే జట్టును 15,000 డాలర్లకు కొన్నారు. ఆ ఏడు జెమ్స్ 44 ఆటలాడి నాలుగే గెలిచింది. ఆటగాళ్లు ఎటువాళ్లటు వెళ్లిపోయారు కాబట్టి వీళ్ల చేతికి దక్కింది లీగులో ఆడే హక్కు, అంతే. ఆ హక్కుకు కొత్త పేరు పెట్టి, ఆరడుగుల పదంగుళాల జార్జ్ మైకన్‌ను తెచ్చుకున్నారు. గుండ్రటి దళసరి కళ్లద్దాలు పెట్టుకుని ఆడేవాడాయన. బుట్ట దగ్గర నిలబడితే అవతలివాళ్లకు దారి ఉండేది కాదు. ఆయన్ను ఆపలేక 1951లో బుట్ట కింది గీతల మధ్య దూరాన్ని ఆరడుగుల నుంచి పన్నెండడుగులకు పెంచారు. అంతకుముందు 1950 నవంబర్‌లో ఫోర్ట్ వేన్ పిస్టన్స్ ఇంకో ఉపాయం పన్నింది. బంతి దొరికితే చాలు, వేయకుండా చేతిలో పట్టుకుని కాలక్షేపం చేసింది. ఆట 19-18తో పిస్టన్స్ వైపు ముగిసింది. ఎన్‌బీఏలో ఇంత తక్కువ స్కోరు మళ్లీ రాలేదు. 24 సెకన్లలోపు బంతి వేయాల్సిందేనన్న నిబంధన 1954లో వచ్చింది. 1949 నుంచి 1954 దాకా ఆరేళ్లలో లేకర్స్ ఐదుసార్లు చాంపియన్. న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్ బయట ఆట ప్రకటనలో ‘జార్జ్ మైకన్ వర్సెస్ నిక్స్’ అని పెట్టారు. జట్టు పేరు కూడా అక్కర్లేకపోయింది.

మైకన్ ఆట మానేశాక జనం పలచబడ్డారు. చివరి సీజన్‌లో ఆడిన చోట్లలో ఆర్మరీ అనే కట్టడం ఇంకా నిలిచి ఉంది. 1930లలో సైనిక దళాల కోసం కట్టారు. మధ్యలో కొన్నేళ్లు లోపల కార్లు నిలుపుకునే చోటుగా బతికి, ఇప్పుడు సంగీత కచేరీల హాలుగా మారింది. నేను వెళ్లిన మధ్యాహ్నం తలుపులు వేసి ఉన్నాయి. గోడ పక్కన లారీలోంచి స్పీకర్ పెట్టెలు దించుతున్న కుర్రాడిని ఇక్కడే కదా లేకర్స్ ఆడింది అని అడిగితే, లాస్ ఏంజలెస్ వాళ్లు ఇక్కడికెందుకొస్తారన్నట్టు చూశాడు. అతన్నని లాభం లేదు. వాళ్ల నాన్నకు కూడా గుర్తుండే వయసు కాదు.

1957లో జట్టు బాబ్ షార్ట్ అనే ఆసామి చేతికి వచ్చింది. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది. 1960 జనవరి 17న సెయింట్ లూయిస్‌లో ఆట ముగించుకుని జట్టు పాత డీసీ-3 విమానంలో తిరిగొస్తుండగా కరెంటు పోయింది. బయట మంచు తుపాను. అర్ధరాత్రి దాటాక పైలట్లు అయోవా రాష్ట్రంలో కారల్ అనే చిన్న ఊరి పక్కన కోత కోయని మొక్కజొన్న చేలో విమానాన్ని దించారు. ఒక్కరికీ దెబ్బ తగల్లేదు. ఎల్జిన్ బేలర్ వంటి మేటి ఆటగాడు ఆ విమానంలో ఉన్నాడు. బతికి బట్టకట్టిన జట్టు ఆ ఏడాదే ఊరు విడిచింది. బ్రూక్లిన్ డాడ్జర్స్ రెండేళ్ల ముందే లాస్ ఏంజలెస్ చేరి డబ్బు చేసుకోవడం షార్ట్ చూశాడు. జట్టును అక్కడికే తరలించాడు, పేరుతో సహా. ఐదేళ్లకు 50 లక్షల డాలర్లకు పైగా ధరకు అమ్మేసుకున్నాడు.

లాస్ ఏంజలెస్‌కు, సరస్సులకు ఉన్న అసలు సంబంధం ఏమిటో తెలిస్తే ఈ పేరు ఇంకా చిత్రంగా తోస్తుంది. విలియం మల్హోలండ్ అనే ఇంజినీరు 1913లో 233 మైళ్ల కాలువ తవ్వించి ఓవెన్స్ లోయ నీళ్లు ఆ నగరానికి మళ్లించాడు. ఆ లోయ కింద ఓవెన్స్ సరస్సు ఉండేది, వంద చదరపు మైళ్ల పైమాట. 1870లలో దాని మీద స్టీమర్లు వెండి దిమ్మెలు మోసేవి. 1926 నాటికి దాదాపు ఎండిపోయింది. అడుగున తేలిన ఉప్పు దుమ్ము గాలికి లేచి చుట్టుపక్కల ఊళ్లవాళ్లను ఊపిరాడనివ్వలేదు. దాన్ని అణచడానికి నగరం ఇప్పటికీ కోట్లాది డాలర్లు పోస్తోంది. సరస్సును తాగేసిన ఊరు సరస్సుల పేరుతో ఆడుతోంది. దీన్ని ఎగతాళి అనాలో అన్యాయం అనాలో మీరే తేల్చుకోండి.

బాబ్ షార్ట్ దగ్గరికి మళ్లీ వద్దాం. 1968లో ఆయన బేస్‌బాల్‌లో వాషింగ్టన్ సెనేటర్స్‌ను కొన్నాడు. 1971లో దాన్నీ ఎత్తేసి టెక్సాస్‌కు మారుస్తున్నానన్నాడు. సెప్టెంబర్ 30న వాషింగ్టన్‌లో చివరి ఆట. యాంకీస్ మీద సెనేటర్స్ 7-5తో ముందుంది, ఒక్క వికెట్ లాంటిది తీస్తే గెలుపు. అంతలో జనం మైదానంలోకి దూకారు. బేస్‌లు, మట్టిగడ్డలు, చేతికందింది పీక్కుపోయారు. ఆట ఆపేసి యాంకీస్ గెలిచినట్టు ప్రకటించారు. టెక్సాస్‌లో ఆ జట్టు రేంజర్స్ అయింది, అక్కడి పాత పోలీసు దళం పేరు మీదుగా. అంటే పేరు మార్చడం ఆ మనిషికి చేతకాని పనేం కాదు.

చిత్రమేమిటంటే, వాషింగ్టన్ నుంచి అంతకుముందే, 1961లో, ఇంకో సెనేటర్స్ జట్టు మినియాపొలిస్ వచ్చింది. దాని యజమాని కాల్విన్ గ్రిఫిత్ పాత పేరు అక్కడే వదిలి ట్విన్స్ అని పెట్టుకున్నాడు. నదికి ఇటూ అటూ ఉన్న మినియాపొలిస్, సెయింట్ పాల్ జంట నగరాలు కదా. హైదరాబాద్, సికింద్రాబాద్ వాళ్లకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. అరవై ఏళ్లు దాటినా ఆ పేరు అతికినట్టే ఉంది.

మిగతావి గబగబా చెప్పేస్తాను. డాడ్జర్స్ పేరు బ్రూక్లిన్ వీధుల్లో ట్రామ్‌లను తప్పించుకుంటూ పరుగెత్తే జనం మీద వచ్చింది. వాళ్లు లాస్ ఏంజలెస్ చేరిన ఐదేళ్లలో అక్కడి ట్రామ్‌లన్నీ మూతపడ్డాయి. అట్లాంటా ఫ్లేమ్స్ పేరు 1864లో అంతర్యుద్ధం నాడు ఆ ఊరు తగలబడిన మంటల జ్ఞాపకం, 1980లో అది కెనడాలోని కాల్గరీకి పోయింది. న్యూ ఆర్లీన్స్‌లో 1974లో పుట్టిన జాజ్ ఐదేళ్లకే డబ్బు చాలక ఉటాలోని సాల్ట్ లేక్ సిటీకి వెళ్లింది. ఊరి పేరులోనే సరస్సు ఉన్న ఆ చోటికి లేకర్స్‌ను పంపించి, సినిమా, సంగీతం ఉన్న లాస్ ఏంజలెస్‌కు జాజ్‌ను ఇచ్చేస్తే సరిపోయేది కదా అని నాకనిపిస్తుంది.

షార్లట్ హార్నెట్స్ కథ మాత్రం ఆగి చెప్పాలి. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో 1780లో ఆ ఊరు చేరిన బ్రిటిష్ సేనాని దాన్ని తిరుగుబాటు కందిరీగల తుట్టె అన్నాడని చెప్పుకుంటారు. ఆ సేనాని మనకు కొత్తవాడు కాదు. తర్వాత మన దేశానికి గవర్నర్ జనరల్‌గా వచ్చి, టిప్పు సుల్తాన్‌తో యుద్ధం చేసి, 1793లో శాశ్వత శిస్తు పద్ధతి పెట్టిన కార్న్‌వాలిసే. అతని తిట్టును షార్లట్ బిరుదుగా మార్చుకుంది. 2002లో జట్టు పేరుతో సహా న్యూ ఆర్లీన్స్ పోయింది. 2013లో అక్కడివాళ్లు తమ రాష్ట్ర పక్షి పేరుతో పెలికన్స్ అని మార్చుకున్నాక, 2014లో షార్లట్ తన కందిరీగలను వెనక్కి తెచ్చుకుంది.

పేరు కూడా వెళ్లిపోతే తప్పేముందనేవాళ్లున్నారు. మన ఇంటిపేర్లలో సగం తాతముత్తాతల ఊళ్లవే, ఊరు మారితే ఇంటిపేరు మార్చుకుంటామా అంటారు. ఆ వాదన నాకు ఎక్కదు. ఇంటిపేరును కుటుంబం తన వెంట తీసుకెళ్తుంది. జట్టు పేరును తీసుకెళ్లేది దాన్ని అరిచి, పాడి, గోడల మీద రాసి పెంచిన జనం కాదు, రిజిస్టరు చేయించుకున్న యజమాని. జనం ఊళ్లోనే మిగిలిపోతారు, చేతిలో ఏమీ లేకుండా. మినియాపొలిస్‌లో గెలిచిన ఐదు ట్రోఫీలు ఇవాళ లాస్ ఏంజలెస్ ఖాతాలో ఉన్నాయి. మైకన్ 99వ నంబరు జెర్సీకి లేకర్స్ గౌరవ విరామం ఇచ్చింది 2022లో, ఆయన పోయిన 17 ఏళ్లకు.

హైదరాబాద్‌లో జరిగింది దీనికి తలకిందులు. ఇక్కడ ఊరు కదలలేదు, పేరు పోయింది. డెక్కన్ చార్జర్స్ 2008లో ఐపీఎల్‌లో అట్టడుగున నిలిచి, 2009లో గిల్‌క్రిస్ట్ సారథ్యంలో దక్షిణాఫ్రికాలో కప్పు కొట్టింది. మరుసటి ఏడు తెలంగాణ ఉద్యమ ఉద్రిక్తతల వల్ల సొంతూరి ఆటలు కటక్‌కు, నాగ్‌పూర్‌కు, ముంబైకి వెళ్లినా డెక్కన్ డెక్కనే. 2012 సెప్టెంబర్‌లో బోర్డు ఆ ఫ్రాంచైజీని రద్దు చేసింది. అక్టోబర్‌లో సన్ టీవీ ఏడాదికి 85.05 కోట్లకు హైదరాబాద్ జట్టును దక్కించుకుని సన్‌రైజర్స్ అంది. ఒక పేరు పత్రిక యజమానిది, ఒకటి టీవీ యజమానిది. అందులో మొదటిది పీఠభూమికీ సరిపోయింది, అది మన అదృష్టం. 2009 కప్పు మాత్రం ఇప్పుడు ఎవరి ఖాతాలోనూ లేదు.

దీనికి మందు ఒక ఊరు కనిపెట్టింది. 1995 నవంబర్‌లో ఆర్ట్ మోడెల్ అనే యజమాని క్లీవ్‌లాండ్ బ్రౌన్స్‌ను బాల్టిమోర్‌కు తరలిస్తున్నానన్నాడు. క్లీవ్‌లాండ్ నగరపాలక సంస్థ ఏడుస్తూ కూర్చోలేదు, స్టేడియం అద్దె ఒప్పందం ఇంకా ఉందని కోర్టుకెక్కింది. 1996 ఫిబ్రవరిలో రాజీ కుదిరింది. ఆటగాళ్లను, సిబ్బందిని పట్టుకుపో, పేరు, రంగులు, రికార్డులు మావి. మోడెల్ బాల్టిమోర్‌లో రేవెన్స్ అని కొత్త పేరుతో మొదలుపెట్టుకున్నాడు. 1999లో క్లీవ్‌లాండ్‌లో కొత్త జట్టు పాత పేరుతోనే దిగింది. 2008లో సియాటిల్ సూపర్‌సోనిక్స్ ఓక్లహోమా పోయినప్పుడూ పేరును సియాటిల్‌కే వదిలేశారు.

మన దగ్గర ఫ్రాంచైజీలు క్రికెట్‌తో ఆగలేదు, కబడ్డీ దాకా వచ్చాయి. వాటికి ప్రజల డబ్బుతో కట్టిన స్టేడియాలే ఇస్తున్నాం. ఇచ్చే కాగితంలో ఒక వాక్యం కలపమని క్రీడా సంఘాలను, ప్రభుత్వాలను అడగాలి: జట్టు వెళ్లిపోయినా, అమ్ముడుపోయినా, పేరూ రికార్డులూ ఈ ఊరివే. పైసా ఖర్చు లేని షరతు. అడగాల్సింది మాత్రం సంతకానికి ముందే.