జింకల వేటలో పెన్సిల్వేనియా రైఫిల్: గురి దూరం, వేట దూరం

18వ శతాబ్ది పూర్వార్ధంలో జర్మన్, స్విస్ ప్రాంతాల నుంచి వచ్చి పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్ పరిసరాల్లో స్థిరపడిన తుపాకీ పనివారు, స్వదేశంలో 'యేగర్' అనే పేరున్న పొట్టి వేట రైఫిల్‌ను అమెరికా అడవులకు తగినట్లు మార్చుకుంటూ వచ్చి, గొట్టాన్ని 40 అంగుళాలకు మించి పొడిగించి, దాని లోపలి వ్యాసాన్ని అర అంగుళానికి, కొన్నిటిలో అంతకన్నా తక్కువకు కుదించారు. మందునూ సీసాన్నీ వీపున మోసుకుని నెలల తరబడి అడవిలో తిరిగే వేటగాడికి చిన్న గుండు వల్ల రెండూ ఆదా అయ్యేవి.

ఆనాటి సైనికుల మస్కెట్ గొట్టం లోపల నున్నగా ఉండేది. మూతి నుంచి త్వరగా కూరడానికి గుండును గొట్టం కన్నా సన్నగా పోసేవారు కనుక, అది గోడలకు తగులుతూ వెలువడి దారి తప్పేది. రైఫిల్ గొట్టంలో మెలి తిరిగిన గాడులు ఉంటాయి. కొవ్వు పూసిన గుడ్డముక్కలో గుండును పెట్టి కడ్డీతో బిగువుగా దించితే, పేల్చినప్పుడు ఆ గుడ్డ గాడులను పట్టుకుని గుండును గిరగిర తిప్పుతుంది, ఆ భ్రమణమే దానిని సూటిగా నడిపిస్తుంది. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో బ్రిటిష్ పక్షాన పోరాడిన జార్జ్ హ్యాంగర్, 1814లో ప్రచురించిన గ్రంథంలో, మస్కెట్ 80 గజాల దగ్గర, మహా అయితే 100 గజాల దగ్గర మనిషిని తాకగలదనీ, నేర్పరి అయిన అమెరికా రైఫిల్‌దారు నిదానంగా గురిపెడితే 200 గజాల దగ్గర కూడా తలను కొట్టగలడనీ రాశాడు.

అయితే గురి కుదిరే దూరమంతా వేటకు పనికివచ్చే దూరం కాదు. అర అంగుళపు సీసపు గుండు సుమారు 12 గ్రాములు తూగుతుంది. అది సెకనుకు సుమారు 1,800 అడుగుల వేగంతో బయలుదేరినా, గోళాకారం గాలిని చీల్చుకుపోవడానికి అనువైనది కానందున, 100 గజాలు దాటేసరికి వేగం 1,100 అడుగుల దరిదాపుకు పడిపోతుంది. గుండు శక్తి వేగపు వర్గాన్ని అనుసరిస్తుంది గనుక, మొదటి శక్తిలో మిగిలేది మూడో వంతుకు కాస్త ఎక్కువ మాత్రమే. దీనికి తోడు చెకుముకి రాయి నిప్పురవ్వ ముందుగా పళ్లెంలోని మందును అంటించి, ఆపై గొట్టంలోని మందును చేరే ఆ రెప్పపాటులో జింక కదిలిపోవచ్చు. అందువల్ల 100 గజాలే గుండు రైఫిల్‌కు జింక విషయంలో నమ్మదగిన హద్దు. సామాన్య వేటగాడికి అది 50, 75 గజాల మధ్యనే ఉంటుంది.

ఈ హద్దును దాటించినది గొట్టం పొడవు కాదు, గుండు ఆకారం. 1849 నాటికి ఫ్రెంచి అధికారి మినియె రూపొందించిన, అడుగున బోలుగా ఉన్న కోను తూటా, పేలుడు ఒత్తిడికి వ్యాకోచించి గాడులను తానే పట్టుకునేది. 1853 ఎన్‌ఫీల్డ్ రైఫిల్ ఈ సూత్రం మీదనే వందల గజాల దూరం సాధించింది. 1857లో సిపాయిల ఆగ్రహానికి ఒక కారణమైన కొవ్వు పూత తూటాలు దానివే. మిస్సౌరీకి చెందిన టోనీ నైట్ 1985లో తెచ్చిన, మూతి నుంచే కూరే వేట రైఫిల్‌లో మందును అంటించే పేలుడు టోపీని మందుకు సరిగ్గా వెనుకనే అమర్చడంతో జాప్యం తగ్గింది. ఆ తరహా తుపాకులకు ప్లాస్టిక్ తొడుగు తూటాలూ దుర్భిణీ గురీ తోడై, వేట దూరం 150, 200 గజాలకు పెరిగింది. పెన్సిల్వేనియా మాత్రం 1974లో చెకుముకి తుపాకులకే ప్రత్యేకంగా జింకల వేట రుతువును ప్రారంభించింది. పాత గోళాకార గుండునే వాడే వేటగాడు అక్కడ నేటికీ జింకకు 100 గజాల లోపుకు చేరుకోవలసిందే.