గ్రామఫోను పలికిన తెలుగు

భారతదేశమున గ్రామఫోను కంపెనీవారు గానమును ముద్రించుట 1902 నవంబరులో కలకత్తా నగరమున ఆరంభమైనది. ఫ్రెడ్ గైస్‌బర్గ్ అచ్చట గౌహర్ జాన్ ప్రభృతుల పాటలను ప్లేట్ల కెక్కించెను. 1908లో ఆ నగరమునందే సియాల్దాలో ప్లేట్లు అచ్చువేయు కర్మాగారము వెలసెను. దక్షిణాదిని 1932లో ఏ.వి. మెయ్యప్పన్ మొదలగువారు మదరాసున సరస్వతీ స్టోర్సును నెలకొల్పి ఓడియన్ ప్లేట్లను ప్రచారమునకు తెచ్చిరి. ఇవి గ్రంథములలో దొరకు విషయములే. ఆ నల్లని ప్లేట్లు తెలుగునాటికి వెలుపల స్థిరపడిన ఇండ్లలో ఏమి చేసినవో మాత్రము, వానిని విని పెరిగిన మేమే చెప్పవలసి యున్నది.

మాలో కొందరి పెద్దలు ఇల్లు కదలలేదు, ఎల్లలే కదలినవి. 1936 ఏప్రిలు 1వ తేదీని ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రము కాగా బరంపురము అందు చేరెను. 1953 అక్టోబరు 1వ తేదీని, ఆంధ్రరాష్ట్ర మవతరించిన నాడే, బళ్ళారి మైసూరు రాష్ట్రమున కలసెను. బడిలో పిల్లల వాచకము ఒక భాష, ఇంటిలో అమ్మ పిలుపు వేరొక భాష. ఈ రెంటి నడుమ గ్రామఫోను మాకు జీతము లేని తెలుగు పంతులయ్యెను.

ప్లేటు నిమిషమునకు 78 చుట్లు తిరిగెడిది. పది అంగుళముల ప్లేటున ఒక్కొక్క వైపు ఇంచుమించు మూడు నిమిషములే పట్టును. రంగస్థలమున ఒక్క పద్యమునకు చాలసేపు రాగము తీసి ‘వన్స్‌మోర్’ లందుకొను నటుడు ఇచ్చట తొందరపడక తప్పదు. అది మాకు మేలే చేసెను. రాగము తగ్గినకొలది మాట తేటపడెను. తెలుగు అక్షరములు రాని పిల్లలు సయితము తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగ విజయముల పద్యములను విని విని కంఠస్థము చేసిరి. ప్లేట్లు లక్కతో చేసినవగుటచే జారిన పగులును. అందుచే కాగితపు సంచులు కుట్టిన పుస్తకమున వానిని దాచెడివారు. అదియే ఆల్బము. లాంగుప్లే రికార్డులు వచ్చిన పిదపను ఆ పేరు నిలిచినది.

ఆ యంత్రము తానుగా చేయు హాస్యమును తక్కువది కాదు. కీ సడలినకొలది ద్రౌపది కంఠము మెల్లమెల్లగా దిగి భీమసేనుని కంఠమయ్యెడిది. ఎవరైన పరుగెత్తి కీ ఇచ్చిన మరల ద్రౌపది ప్రత్యక్షము! గీతపడిన చోట ముల్లు చిక్కెనా, రాయబారమునకు వచ్చిన కృష్ణుడు అన్న మాటయే అనుచుండెడివాడు. “ఇక సంధి పొసగదురా” అని పెద్దలు ముల్లు నెత్తెడివారు.

పిమ్మట సినిమా ప్లేట్లు వచ్చెను. 1955 నాటి ‘మిస్సమ్మ’లో రేలంగి స్వయముగా పాడిన పాటలును, 1957 నాటి ‘మాయాబజారు’లో శశిరేఖ వేషమున నున్న ఘటోత్కచుని ఆర్భాటమునకు సుశీలయు ఘంటసాలయు కలసి గొంతునిచ్చిన పాటయు మమ్ము కడుపుబ్బ నవ్వించెను. పొరుగువారు వచ్చి కూర్చుండెడివారు. పాట బాగున్నదని తలయూపెడివారు; మేము నవ్వినచోట మాత్రము మా మొగములు చూచెడివారు. అర్థము వివరించుసరికి నవ్వు చల్లారెడిది. గానమునకు భాష రాకున్నను తలయూపవచ్చును. హాస్యమునకు భాష రానిదే పెదవి విచ్చదు. తెలుగు మా ఇండ్లలో ఎంత నిలిచినదో కొలుచుటకు ఆ నవ్వే మాకు కొలమానము.

1974 ఫిబ్రవరి 11వ తేదీని ఘంటసాల అస్తమించెను. ఆయన గానము చేసిన భగవద్గీత రికార్డు ఆ పిదప వెలువడి, ఆయన లేని లోకమున ఆయన కంఠమును ఇంటింట నిలిపెను. తరువాత కేసెట్టులు వచ్చెను, అవియు పోయెను. ఇప్పుడు అరచేతిలోని ఫోనున ఏ పాటయైనను క్షణములో పలుకును. కొరత పాటలకు కాదు, కలసి విని నవ్వువారికి.

కావున మా విన్నప మొక్కటియే. అటకలపైనున్న ప్లేట్లు పగులకమునుపే క్రిందికి దింపుడు. వానిలోని పలుకులను భద్రపరచుడు. వినిపించునపుడు మనుమలను ప్రక్కన కూర్చుండబెట్టుకొనుడు. మనము వివరింపకమునుపే వారు నవ్విరా, మన ఇంట తెలుగు మరియొక తరము బ్రతికినట్లే.