తప్పుదండుగ: చిత్తూరు సీమ దారుల ధర్మము

చిత్తూరునకు పది పండ్రెండు కిలోమీటర్ల దూరమున, కాణిపాక వరసిద్ధి వినాయకుని ఆలయసమీపమున ప్రవహించు ఏటికి బాహుద యని పేరు. వేసవిలో ఇసుకయే గాని నీరు కానరాని ఈ యేటిని స్థలపురాణము మహాభారతములోని బాహుదతో ఏకము చేసి, శంఖలిఖితుల కథను ఈ గట్టుమీదనే నిలిపినది. భారతములోని బాహుద ఉత్తరదేశపు నదియని చెప్పు పండితులు కలరు. ఆ వివాదమున నాకు పని లేదు. ఒక సీమ ప్రజలు తమ యేటిని చూచినప్పుడెల్ల ఒక చిన్న తప్పును, దానికి చెల్లిన పెద్ద మూల్యమును తలచుకొనుచు వచ్చిరనుటయే నాకు ముఖ్యము.

శాంతిపర్వమున వ్యాసుడు ధర్మరాజునకు ఈ కథ చెప్పును. శంఖుడును లిఖితుడును అన్నదమ్ములు. ఏటి యొడ్డున వేరువేరుగా ఆశ్రమములు కట్టుకొని తపస్సు చేసికొనుచుండిరి. ఒకనాడు అన్న లేని వేళ తమ్ముడు అతని ఆశ్రమమునకు వచ్చి, చెట్టున పండిన పండ్లు కోసికొని తినుచుండెను. అంతలో శంఖుడు వచ్చి, ఇవి యెక్కడివని యడిగిన, లిఖితుడు నవ్వుచు, ఇక్కడివేయని చెప్పెను. అడుగక తీసికొన్నది దొంగతనమే యగునని, రాజునొద్దకు పోయి నేరము తానే చెప్పుకొని దండనము కోరుకొమ్మని అన్న ఆజ్ఞాపించెను. సుద్యుమ్న మహారాజు మునికి కాలినడకన ఎదురు వచ్చి, సంగతి విని, దండించు అధికారము కలవానికి క్షమించు అధికారమును కలదని, తాను క్షమించితినని, మరియేదైన కోరుమని బతిమాలెను. లిఖితుడు మరియొకటి కోరలేదు. రాజు విధించిన దండనమున చేతులు తెగిన పిమ్మట అన్నయొద్దకు మరలివచ్చి, ఆయన చెప్పినట్లు బాహుదలో దిగి తర్పణము విడువబోగా చేతులు తామరలవలె మొలచెను. అప్పుడు తమ్ముడడిగిన ప్రశ్నయే కథకు ప్రాణము: ఇంతటి తపోబలము కలవాడవు, మొదటనే నీవు నన్నేల పావనుని చేయలేదు? శంఖుడు, నిన్ను దండించు అధికారము నాది కాదు, రాజుది. దండనము చేసి అతడును, పొంది నీవును శుద్ధులైతిరని బదులు చెప్పెను.

శిక్షయొక్క క్రౌర్యమును ఈ కాలపు మనస్సు ఒప్పుకొనదు, ఒప్పుకొనవలసిన పనియు లేదు. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయసంహిత ప్రకారము అయిదు వేల రూపాయలకు తక్కువ విలువగల వస్తువును తొలిసారి దొంగిలించినవాడు, ఆ వస్తువునో విలువనో తిరిగి యిచ్చినచో, సమాజసేవయే శిక్షగా పొందును. లిఖితుడు నేడు పుట్టియున్న యెడల పండ్ల వెల యిచ్చి, కొన్నాళ్లు నలుగురికి పని చేసి యింటికి పోయెడివాడు. కాని ఆతని నవ్వు మాత్రము నేటికిని మన దారులమీద కనబడుచునే యున్నది. ఎఱ్ఱదీపము వెలుగుచుండగా బండి ముందుకు నడిపినవాడు, రాంగు రూటున వచ్చి దగ్గరిదారి కలిసివచ్చినదనుకొన్నవాడు, ఒక మోటారు సైకిలుపై ముగ్గురిని కూర్చుండబెట్టుకొన్నవాడు, ఎవరైన అడిగిన, ఏమైనదిప్పుడు, ఎవరికేమి నష్టమని నవ్వుచునే చెప్పును. చెట్టు పండ్లవలె దారికూడ తనదేయను భావము అట్లు నవ్వించును.

మన పూర్వులకు దారి ధర్మము తెలియదనుకొనుట పొరపాటు. మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయమున బండ్లనుగూర్చిన శాసనము కలదు. ఎద్దు ముకుత్రాడు తెగినను, కాడి విఱిగినను, ఇరుసో చక్రమో విఱిగినను, పగ్గము తెగినను, బండి ప్రక్కకో వెనుకకో తిరుగబడినను, తొలగుడని తోలువాడు అఱచి హెచ్చరించినను జరిగిన హానికి దండుగ లేదు. తోలువాని నేర్పులేమిచే హాని జరిగినయెడల యజమానికి రెండువందల పణములు దండుగ. తోలువాడు నేర్పరియైయుండి అజాగ్రత్తచే చేసినచో దండుగ వానిదే. నేర్పులేనివానిచే తోలించి బండిలో కూర్చున్నవారికిని తలకు నూఱేసి పణములు. ఈ చివరి మాటను నేను మిక్కిలి గౌరవింతును. లైసెన్సు లేని పిల్లవాని చేతికి తాళము ఇచ్చి తాను వెనుక కూర్చుండు తండ్రిని దోషిగా చూచిన ధర్మశాస్త్రమిది. దారి యెవరికీయవలెనో కూడ ఆ గ్రంథము చెప్పినది: బండిలోనివానికి, తొంబదియేండ్లు దాటిన వృద్ధునకు, రోగికి, బరువు మోయువానికి, స్త్రీకి, స్నాతకునకు, రాజునకు, పెండ్లికొడుకునకు. రాజమార్గమున మలినము వేసినవాడు రెండు కార్షాపణములు చెల్లించి దానిని వెంటనే తానే తీసివేయవలెను. వృద్ధులను, గర్భిణులను, పిల్లలను, ఆపదలోనున్నవారిని మందలించి, ఆ చోటు శుభ్రము చేయించిన చాలును. దండుగ కట్టుటతో పని తీరలేదు, పాడుచేసిన చోటును బాగుచేయవలెననుట ఇందులోని సూక్ష్మము. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన మితాక్షరను పదుమూడవ శతాబ్దమున కేతన తెనిగించినాడు గనుక, వ్యవహారము, ప్రాయశ్చిత్తము అను రెండును ఒకే గ్రంథమున ప్రక్కప్రక్కన నుండుట తెలుగు చదువరులకు ఏడువందల యేండ్లనాడే పరిచితము.

శాస్త్రము అట్లుండగా ఈ సీమ జనులు ఆచారమున వేరొక మార్గము పట్టిరి. కాణిపాకమున సత్యప్రమాణము ప్రసిద్ధము. నిందమోసినవాడు కోనేట మునిగి, తడిబట్టలతో స్వామియెదుట నిలిచి, తాను ఆ పని చేయలేదని ప్రమాణము చేయును. అప్పు తగవులు, దొంగతనపు నిందలు, అన్నదమ్ముల పంపకాలు ఇక్కడ తేలినవి. త్రాగుడు మానెదనని ప్రమాణము చేసి మానినవారును కలరు. సాక్ష్యము లేని తప్పునకు మనస్సునే సాక్షిగా పిలుచు పద్ధతి యిది. ఆంగ్లేయ ప్రభుత్వము దీనిని మూఢత్వమని త్రోసివేయలేదు. 1873 నాటి ప్రమాణముల చట్టము ఎనిమిదవ సెక్షను మొదలు పదునొకండవ సెక్షను వరకు, వ్యాజ్యమున ఒక పక్షమువాడు, ఎదుటివాడు తన మనస్సునకు కట్టుబాటగు ఫలానా విధమున ప్రమాణము చేసిన నేను ఒప్పుకొందునని కోర్టులో చెప్పవచ్చుననియు, అట్టి ప్రమాణము జరిగినచో ఆ సంగతికి అదియే తిరుగులేని సాక్ష్యమనియు నిర్ణయించెను. 1969 నాటి కొత్త చట్టము ఈ ఏర్పాటును విడిచిపెట్టినది. కోర్టు విడిచినను గ్రామము విడువలేదు.

ఇక తిరుమల. ఏడుకొండలవాడు ఆపదమొక్కులవాడు, వడ్డికాసులవాడు. మొక్కు ఆలస్యమైనచో వడ్డితో గైకొనునని ప్రజల నమ్మకము. పసుపుగుడ్డలో కాసు కట్టి యింటి పెట్టెలో దాచిన ముడుపు, ఒంటిమీది నగలన్నియు ఒలిచి యిచ్చు నిలువుదోపిడి, ఇవి కోరికలు తీరినందుకు మాత్రమే కాక, చేసిన తప్పులకును చెల్లుచుండెను. పేరు చెప్పకుండ, రశీదు అడుగకుండ శ్రీవారి కొప్పెరలో, అనగా హుండీలో, వేసిన సొమ్ములో ఎంత కృతజ్ఞతయో, ఎంత పశ్చాత్తాపమో పరకామణిలో లెక్కించువారికి తెలియదు. అమెరికా ప్రభుత్వము 1811 నుండి తన ఖజానాలో అంతరాత్మ నిధి యని యొక పద్దు నడుపుచున్నది; ప్రభుత్వమునకు ఎగవేసిన సొమ్మును మనసొప్పక తిరిగి పంపువారి డబ్బు అందు జమయగును. మనకు అట్టి పద్దు అవసరము కలుగలేదు, కొప్పెర యుండినది. చరిత్రలో ఒక చిత్రము చూడుడు: 1801లో ఈ సీమ ఈస్టిండియా కంపెనీ వశమైన పిమ్మట, 1843లో హథీరాంజీ మఠపు మహంతులకు ఆలయాధికారము అప్పగించువరకు, ఖర్చులు పోను మిగిలిన ఆలయాదాయము కంపెనీ ఖజానాకే చేరినది. దేవునికి చెల్లించితిమనుకొన్న తప్పుదండుగ ఆ నలువది యేండ్లును రాజునకే చెల్లినది!

కొప్పెర గొప్పతనమును తగ్గించుట నా ఉద్దేశము కాదు. అయినను శంఖుని మాట ఇక్కడ నన్ను నిలువదీయును. తనకు అధికారము లేని శుద్ధిని తాను చేయనన్న మునియెదుట, దారిలో ఒక ముసలిదానిని బెదరగొట్టి కొండమీద కాసు వేసినవాని లెక్క సరిపోవునా? దేవునికి బాకీ పడిన తప్పులు కొన్ని, మనుష్యునికి బాకీ పడినవి కొన్ని. దారిమీది తప్పు రెండవ జాతిది.

తిరుపతికి 1886లో మునిసిపాలిటి వచ్చినది. 1891లో రైలు వచ్చినది. యాత్రికులు పెరిగిరి, జట్కాలు పెరిగినవి, గోవిందరాజస్వామి గుడిచుట్టు వీధులు ఇరుకైనవి. 1860 నాటి శిక్షాస్మృతి అప్పటికే దారిని తన రక్షణలోనికి తీసికొనియుండెను: 279వ సెక్షను అజాగ్రత్తగా తోలినవానికి ఆరునెలల వరకు ఖైదునో వేయి రూపాయల వరకు జుల్మానాయో విధించినది, 283వ సెక్షను త్రోవకు అడ్డము కల్పించినవానికి రెండువందల వరకు జుల్మానా విధించినది. తరువాత సైకిళ్ల కాలము. మునిసిపాలిటి బిళ్ల లేని సైకిలు, రాత్రివేళ దీపము లేని సైకిలు, వెనుక మరియొకనిని ఎక్కించుకొన్న డబుల్సు, వీనికి పోలీసువాడు చెవి మెలిపెట్టుటయో, చక్రములో గాలి తీయుటయో, మేజిస్ట్రేటు ఎదుట నిలిపి రూపాయో రెండో కట్టించుటయో మా పెద్దలకు అనుభవమే. చిన్న శిక్షయైనను అది ముఖాముఖి శిక్ష. తప్పు చేసినవాడు తలవంచుకొని నిలుచుట నలుగురును చూచిరి.

1944 ఏప్రిల్ 10న మద్రాసు గవర్నరు సర్ ఆర్థర్ హోప్ తిరుమల మొదటి కనుమదారిని ప్రారంభించెను. అంతవరకు మెట్లపై నడచియో, డోలీలో కూర్చుండియో ఎక్కవలసిన కొండకు చక్రములు ఎక్కినవి. 1974లో రెండవదారి వచ్చినది. నేడు దీనిపై ఎక్కుదురు, మొదటిదానిపై దిగుదురు. వేగము మితిమీరి ప్రమాదములు జరుగుచుండుటచే, ఎక్కుటకు 28 నిమిషములకు, దిగుటకు 40 నిమిషములకు తక్కువ కాకూడదని దేవస్థానమువారు నియమము పెట్టిరి. ముందుగా వచ్చినవారికి జుల్మానా. దీనికి జనులు కనిపెట్టిన ఉపాయము విచారకరము. మలుపులన్నియు వేగముగా దిగి, తనిఖీ చోటు సమీపించినంతనే బండి నొక చెట్టు క్రింద నిలిపి, మిగిలిన నిమిషములు గడిపి, అటుపిమ్మట నెమ్మదిగా వచ్చి, బయలుదేరిన వేళ వ్రాసిన చీటి చూపుదురు. కాగితముపై తప్పు లేదు. ఎదుట మలుపులో ప్రాణము అరచేత పట్టుకొన్న మరియొక కుటుంబమున్నదన్న సంగతి కాగితమున కెక్కదు. స్వామి దర్శనము చేసికొని పది నిమిషములైనను కాకమునుపే ఆయన కొండమీదనే ఈ పని చేయుట నాకు మిక్కిలి బాధ కలిగించును.

మోటారు చట్టములు అంతరాత్మకు కొంత చోటు విడిచినవని చెప్పవలెను. 1939 నాటి చట్టమునందును, దాని స్థానమున వచ్చిన 1988 చట్టపు 208వ సెక్షనునందును, చిన్న నేరమునకు సమను అందుకొన్నవాడు కోర్టుకు రానక్కరలేకయే, తప్పు ఒప్పుకొనుచు జాబు వ్రాసి, నిర్ణయించిన సొమ్మును మనియార్డరు చేయవచ్చునను ఏర్పాటు కలదు. సొమ్ము స్వల్పమే, కాని నేను చేసితినని స్వహస్తముతో ఒక వాక్యము వ్రాయవలసియుండెను. ధర్మశాస్త్రములు ప్రాయశ్చిత్తమున మొట్టమొదట చెప్పినది ఇట్లు నోరువిప్పి చెప్పుకొనుటనే. పశ్చాత్తాపము, తపస్సు, దానము తరువాతివి. ఇప్పుడు కూడలిలోని కెమెరా ఫొటో తీయును, ఫోనునకు చలానా వచ్చును, వ్రేలు తాకిన సొమ్ము పోవును. ఒప్పుకొనుట యను మెట్టు మాయమైనది. చెల్లింపులు పేరుకొనిపోగా 2022 మార్చిలో తెలంగాణ ప్రభుత్వము ద్విచక్రవాహనముల పాత చలానాలపై నూటికి డెబ్బదియైదు వంతులు మాఫీ చేసినది. బకాయిలు వసూలగుటకు అది ఉపకరించి యుండవచ్చును. సుద్యుమ్నుడును క్షమించెదననెను, కాని ఆ క్షమను తిరస్కరించి నిలుచువాడు అక్కడ ఒకడుండెను.

2019 సవరణచే ఆ 1988 చట్టపు 200వ సెక్షనునకు ఒక మాట చేరినది: కోర్టుకు పోక నేరము తీర్చుకొనుటకు కట్టు రాజీ సొమ్ముతోపాటు నేరస్థునిచే సమాజసేవ చేయించు అధికారము రాష్ట్రప్రభుత్వములకు కలదు. పాడుచేసిన చోటును బాగుచేయుమన్న పాతమాట ఇన్నాళ్లకు చట్టములో తలయెత్తినందుకు సంతోషించుచున్నాను. దీనిని మన సీమలో వాడదలచినచో చోటు వెదకనక్కరలేదు. అలిపిరి నుండి నడచివచ్చు భక్తులు జింకల పార్కు దాటిన పిమ్మట, మోకాళ్లమెట్టు చేరువరకు, దిగువ కనుమదారి ప్రక్కనే నడువవలసియున్నది. చంటిబిడ్డలను ఎత్తుకొన్న తల్లులు, చెప్పులు విడిచిన ముసలివారు, మెట్టుమెట్టునకు పసుపు కుంకుమ పెట్టుచు వచ్చి అలసిన స్త్రీలు ఆ దారినే పోవుదురు. మలుపు తిరిగి వచ్చు బండి వేగమును మొదట భరించునది వారే. కనుమదారిలో తప్పు చేసి పట్టుబడినవానిని, సొమ్ము కట్టించుకొనుటతో విడువక, ఒక పూట ఆ మలుపుల యొద్ద నిలిపి, నడచిపోవువారికి మంచినీళ్లిచ్చుటకు, వారి చేయి పట్టి దారి దాటించుటకు నియమింపవలెను. ఆ పూట అతడు ఎవరికి బాకీపడెనో వారి ముఖములు చూచును.