అర్జెంటీనా ప్రజలు – చరిత్ర, సంస్కృతి

దక్షిణ అమెరికా ఖండమునందు పశ్చిమమున ఆండీస్ పర్వతశ్రేణికిని, తూర్పున అట్లాంటిక్ మహాసముద్రమునకును నడుమ వ్యాపించిన అర్జెంటీనా దేశపు జనసముదాయమునకు అర్జెంటీనులని వ్యవహారము. దేశ వైశాల్యము సుమారు 27.8 లక్షల చదరపు కిలోమీటర్లు. 2022 జనగణన ననుసరించి జనసంఖ్య దాదాపు 4 కోట్ల 60 లక్షలు. లాటిన్ భాషలో వెండికి ‘అర్జెంటుమ్’ అని పేరు. తొలుత వచ్చిన ఐరోపా నావికులు వెండి లభించునను ఆశతో ప్రవేశించిన మహానదీముఖమునకు ‘రియో దె లా ప్లాతా’, అనగా రజతనది, యను నామము స్థిరపడినది. ఆ తీరమున వెండిగనులు లేకపోయినను పేరు మాత్రము నిలిచి, కాలక్రమమున దేశమునకే అన్వయించెను.

అర్జెంటీనులు ఓడలనుండి దిగినవారను నానుడి ఆ దేశమున చిరకాలముగా వినవచ్చుచున్నది. అందు సత్యము కొంతయే కలదు. మిగిలిన సత్యమును ఓడలు రాకపూర్వమే ఆ నేలపై బ్రదికిన జాతుల చరిత్రయందును, అవే ఓడలలో సంకెళ్లతో తేబడినవారి చరిత్రయందును వెదకవలసియున్నది.

ఆదిమ జాతులు

పటగోనియా ప్రాంతమున సాంతా క్రూస్ రాష్ట్రమునందు ‘హస్తముల గుహ’ యను పేరు గల స్థలము కలదు. అచ్చటి శిలాభిత్తిపై వేల సంవత్సరముల క్రిందట మానవులు అరచేతులనానించి, చుట్టును రంగునూది విడిచిపోయిన ముద్రలు నేటికిని చెదరక యున్నవి. వానిలో అధికభాగము ఎడమచేతి ముద్రలే. రంగునూదు గొట్టమును కుడిచేత పట్టియుందురని విద్వాంసుల ఊహ. దేశపు వాయవ్యమున దియగీతా జాతివారు కొండవాలులను మెట్లుమెట్లుగా దిద్ది మొక్కజొన్న పండించిరి. ఇంకా సామ్రాజ్యము పదునైదవ శతాబ్దమున అచ్చటికి వ్యాపించెను. ఈశాన్యమున గ్వారనీలు, మైదానములందు కెరాందీలు, దక్షిణమున తెవెల్చేలు, ఆండీస్ కిరువైపుల మపూచేలు నివసించిరి. దేశమునకు ప్రాణప్రదమైన పచ్చికమైదానములకు గల ‘పంపా’ యను పేరు కెచువా భాషాపదమే.

స్పానిష్ పరిపాలనము

1536లో పెద్రో దె మెందోసా స్థాపించిన బ్యూనస్ ఐరిస్ పట్టణము కెరాందీల ప్రతిఘటనమువలనను క్షామమువలనను నిలువజాలక 1541లో పాడువడెను. 1580లో హువాన్ దె గరాయ్ దానిని పునఃస్థాపించెను. అతని వెంట వచ్చినవారిలో పెక్కురు పరాగ్వే సీమలో స్పానిష్ తండ్రులకును గ్వారనీ తల్లులకును జన్మించిన యువకులు. 1776లో రియో దె లా ప్లాతా రాజప్రతినిధి రాజ్యమేర్పడినపిదప ఆ పట్టణము రాజధానియై వృద్ధినందెను. ఆఫ్రికానుండి బానిసలుగా తేబడినవారును వారి సంతతియు ఆ శతాబ్దాంతమున పట్టణజనములో సుమారు మూడవవంతుగా నుండిరి. బానిసతల్లుల బిడ్డలు స్వతంత్రులని 1813లో శాసనమైనను, బానిసత్వము రద్దగుట 1853 రాజ్యాంగముతోడనే జరిగెను.

స్వాతంత్ర్యము

1806, 1807 సంవత్సరములలో దండెత్తిన బ్రిటిషు సైన్యములను పట్టణవాసులే తరిమివేయుట అర్జెంటీనుల ఆత్మవిశ్వాసమునకు తొలిమెట్టయ్యెను. 1810 మే 25న స్పెయిన్ ప్రతినిధిని తొలగించి ప్రజలు స్వీయమండలి నేర్పరచుకొనిరి; 1816 జూలై 9న తుకుమాన్ మహాసభ స్వాతంత్ర్యమును ప్రకటించెను. ఆ ప్రకటనము స్పానిష్ భాషయందేకాక కెచువా, ఐమరా భాషలందును ముద్రింపబడుట గమనింపదగినది. 1817లో హొసే దె సాన్ మార్టిన్ సుమారు ఐదువేల సైన్యముతో ఆండీస్ పర్వతములను దాటి చిలీని విముక్తమొనర్చి, 1821లో పెరూ స్వాతంత్ర్యమును చాటెను. అతని పదాతిదళమున విముక్తులైన నల్లజాతి సైనికులనేకులు పోరాడిరి.

గౌచోలు

పంపా మైదానములలో గుఱ్ఱముపై తిరుగుచు, అడవిపశువులను పట్టుచు, ఎవరి కొలువునందును చిరకాలము నిలువని స్వేచ్ఛాజీవులకు గౌచోలని పేరు. వారిలో పెక్కురు స్పానిష్, ఆదిమ రక్తముల సమ్మేళనమునుండి పుట్టినవారు. వారు పశువుల కాళ్లకు విసరి పడగొట్టు గుండ్లత్రాడు ఆదిమజాతుల ఆయుధమే. పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధమున ముండ్లతీగ కంచెలును రైలుమార్గములును మైదానమును భాగములుచేయగా వారి జీవనము క్షీణించెను. హొసే హెర్నాందెస్ 1872, 1879లలో రెండు భాగములుగా ప్రకటించిన ‘మార్టిన్ ఫియెర్రో’ కావ్యము ఆ నష్టజీవితమును గౌచో నోటనే పలికించి జాతీయకావ్యమని గౌరవింపబడుచున్నది. ఆ దశాబ్దపు చివరనే ‘ఎడారి విజయము’ అను పేర ప్రభుత్వసైన్యములు దక్షిణభూములపై నడచి, ఆదిమజాతులలో వేలమందిని వధించియు, బంధించియు, తల్లిబిడ్డలను వేరుచేసియు ఆ భూములను వశపరచుకొనెను. ఎడారియని పిలువబడిన ఆ నేల నిజమునకు జనులు వసించిన సీమ.

వలసలు

1853 రాజ్యాంగము ఐరోపా వలసలను ప్రోత్సహించుట ప్రభుత్వధర్మమని విధించెను. 1869లో సుమారు 18 లక్షలుగా నుండిన జనసంఖ్య 1914 నాటికి 79 లక్షలకు చేరెను. అప్పుడు నూటికి దాదాపు ముప్పదిమంది విదేశములలో జన్మించినవారు. ఇటలీ, స్పెయిన్ దేశీయులే వారిలో అధికులు. 1865లో వేల్స్ జనులు చుబూత్ లోయలో దిగి తెవెల్చేలతో మైత్రి నెరపిరి. 1889లో రష్యా సామ్రాజ్యమునుండి వచ్చిన యూదులు మొయిసెస్ వియ్యె గ్రామమును నెలకొల్పిరి. సిరియా, లెబనాన్ దేశీయులును వర్తకులై వచ్చి స్థిరపడిరి. బ్యూనస్ ఐరిస్ పట్టణమున పేదవలసదారులు గదికొక కుటుంబము చొప్పున పెద్దలోగిళ్లలో నివసించి, ఒకే ముంగిట వంటయు బట్టలుతుకుటయు సాగించిరి. అట్టి ముంగిళ్లలోను వీథులలోను ఇటాలియన్ పదములు మిక్కిలిగా కలిసి ‘లున్‌ఫార్దో’ యను నగరభాష పుట్టెను. జీతపుడబ్బు కరిగిపోవు నెలాఖరున, అనగా 29వ తేదీన, బంగాళాదుంపల ముద్దతో చేసిన ‘న్యోకి’ భుజించి, కలిమి కలుగుటకై పళ్లెము క్రింద ఒక నోటునుంచు ఆచారమును ఇటాలియనుల దాయమే.

టాంగో, మాతే

పందొమ్మిదవ శతాబ్దాంతమున రేవుపట్టణపు పేదవాడలలో ఆఫ్రికా సంతతివారి మద్దెలలయలును, క్యూబా హబనేరాయును, పల్లెలోని మిలోంగా గానమును, ఐరోపావారి వాద్యములును కలిసి టాంగో నృత్యసంగీతముగా పరిణమించెను. దానికి విషాదస్వరమిచ్చు బాందోనియోన్ వాద్యము జర్మనీనుండి వచ్చినది. కార్లోస్ గార్దెల్ గానము దానిని లోకమునకు పరిచయముచేయగా, ఆస్టర్ పియసొల్లా కచేరిసంగీతస్థాయికి కొనిపోయెను. 2009లో యునెస్కో దానిని మానవజాతి వారసత్వసంపదలో చేర్చెను.

అయినను అర్జెంటీనుల దైనందినజీవనమును తెలియగోరువారు చూడవలసినది మాతే పానము. ఎండబెట్టిన చిన్న సొరబుర్రలో మాతేయాకు పొడి నింపి, మరగని వేడినీరు పోసి, అడుగున జల్లెడగల లోహపుగొట్టముతో పీల్చుదురు. పోయువాడొక్కడే, మొదటి బుర్ర చేదును తానే త్రాగి, మరల నీరు పోసి, వరుసగా ఒక్కొక్కరికి అందించును. అందరికి నొకే బుర్ర, ఒకే గొట్టము. బుర్ర తిరిగియిచ్చుచు కృతజ్ఞత తెలిపినచో ఇక చాలునని అర్థము. ఈ పానము గ్వారనీలది; దిగినవారందరు నేర్చుకొన్నది.

ఆధునిక కాలము

1912 చట్టము పురుషులకు రహస్యమైన నిర్బంధ ఓటును, 1947 చట్టము స్త్రీలకు ఓటుహక్కును కలిగించెను. 1946లో అధ్యక్షుడైన హువాన్ పెరోన్‌కును, అతని భార్య ఏవాకును శ్రామికవర్గము పట్టుకొమ్మయ్యెను. 1976 నుండి 1983 వరకు సాగిన సైనికనిరంకుశత్వమున వేలమంది అపహరింపబడి జాడలేక పోయిరి. మానవహక్కుల సంఘములు వారిని 30,000 మందిగా లెక్కించుచున్నవి. 1977 ఏప్రిల్ 30న కొందరు తల్లులు తమ బిడ్డలను అప్పగింపుడని బ్యూనస్ ఐరిస్‌లోని మే చతురస్రమున సమావేశమైరి. గుంపుగా నిలువరాదని పోలీసులు ఆజ్ఞాపింపగా వారు ఇద్దరిద్దరుగా చేతులు కలిపి నడువసాగిరి. వారు తలకు చుట్టుకొన్న తెల్లగుడ్డ మొదట పసిబిడ్డల పొత్తిగుడ్డయే. ప్రతి గురువారము ఆ నడక సాగెను. ప్రజాస్వామ్యము పునరుద్ధరింపబడినపిదప 1985లో సైనికాధిపతులు పౌరన్యాయస్థానమున విచారింపబడిరి.

సాహిత్యమున హోర్హె లూయిస్ బోర్హెస్, హూలియో కొర్తాసర్ ప్రపంచఖ్యాతులు. 1924లో అస్వస్థుడై బ్యూనస్ ఐరిస్ చేరిన రవీంద్రనాథ ఠాకూరునకు రచయిత్రి విక్టోరియా ఒకాంపో సాన్ ఇసీద్రోలో ఆతిథ్యమొసగెను. ఆయన ‘పూరబి’ కావ్యమును ‘విజయ’ యను పేర ఆమెకు అంకితమిచ్చెను. ఫుట్‌బాల్ క్రీడ ఆ ప్రజలకు జాతీయోత్సవము. 1978, 1986, 2022లలో వారు ప్రపంచకప్ గెలుచుకొనిరి.

1994లో సవరింపబడిన రాజ్యాంగము ఆదిమజాతులు రాజ్యముకంటె ముందే ఉన్నవారని అంగీకరించి, వారి భాషలకును సామూహికభూములకును హక్కులు గుర్తించెను. ఐరోపా వలసలను ప్రోత్సహింపుమను 1853 నాటి నిబంధనయు అందే నిలిచియున్నది. ఆ రెండు వాక్యములను కలిపి చదివినగాని అర్జెంటీనుల చరిత్ర సంపూర్ణము కాదు.