కరణంగారి నిలువుగీతలు, అడ్డగీతలు

‘హళ్ళికి హళ్ళి, సున్నకు సున్న’ అని చేతులు దులుపుకోవడం మనకు అలవాటే. సున్న సంగతి సరే, హళ్ళి ఏమిటి? అదీ సున్నే. కాకపోతే భిన్నాల సున్న. పావులు, వీసాలు రాసుకునే ఊరి కరణాల లెక్కలో ఖాళీ చోటును చూపే గుర్తు అది.

ఆ లెక్క నాలుగు మీద నడుస్తుంది. పావుకు ఒక నిలువుగీత, అరకు రెండు, ముప్పావుకు మూడు. పావులో పావు వీసం, దానికి అడ్డగీత. వీసంలో పావుకు మళ్ళీ నిలువుగీత. ‘౩౻౼’ అని ఉంటే మూడుంముప్పావు మీద వీసం అన్నమాట. గీత నిలువుగా ఉందా, అడ్డంగా ఉందా అన్నదే దాని విలువ చెబుతుంది కాబట్టి మధ్యలో చుక్కలు అక్కర్లేదు. చోటు కలిసొస్తుంది, చెయ్యి ఆడినంత వేగంగా రాయొచ్చు. చిక్కల్లా చదవడంలోనే. గీతలకు తోడు గొలుసుకట్టు రాత, ఊరి మాన్యాల పేర్లు, పొడి అక్షరాలు. వెరసి అలాంటి కవిలెకట్ట (ఊరి లెక్కల కట్ట) విప్పి అర్థం చెప్పాలంటే రాసినాయనో ఆయన కొడుకో రావాలి.

డేటాబేస్ సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళకు ఈ బాధ బాగా తెలుసు. ప్రతి డేటాబేస్‌కూ అడుగున స్టోరేజ్ ఇంజిన్ అని ఒకటుంటుంది. సమాచారాన్ని డిస్కు మీద ఏ రూపంలో రాయాలి, అడిగినప్పుడు ఎలా వెతికి తీయాలి అన్నది దాని పని. కొన్ని సంస్థలు బజారులో దొరికేది వద్దని సొంత ఇంజిన్ రాసుకుంటాయి. అది రాసినవాళ్ళు ఉన్నంతకాలం బండి నడుస్తుంది. వాళ్ళు వెళ్ళిపోయాక మిగిలిన కోడ్‌ను చూసుకోవడమంటే పరాయి ఊరి కవిలెకట్ట ముందేసుకుని కూర్చోవడమే.

ఇలాంటి కట్టలు విప్పించడంలో మొదటి పేరు ఏలూరువాళ్ళకే దక్కాలి. కావలి వెంకట బొర్రయ్య 1776లో ఏలూరులో పుట్టాడు. తర్వాతి కాలంలో భారతదేశపు మొదటి సర్వేయర్ జనరల్ అయిన కాలిన్ మెకంజీ దగ్గర ఇరవై ఏళ్ళ వయసులో చేరి, శాసనాలు చదివి, ఊళ్ళ చరిత్రలు పోగుచేశాడు. ఆ చరిత్రలే కైఫీయత్తులు. వాటిలో చాలావాటికి ఆధారం కరణాల ఇళ్ళలోని దండకవిలెలు. 1803లో బొర్రయ్య చనిపోతే తమ్ముడు లక్ష్మయ్య ఆ పని అందుకుని, 1821లో మెకంజీ పోయేదాకా చేశాడు. మెకంజీ పోగుచేసిన సరుకును ఈస్టిండియా కంపెనీ లక్ష రూపాయలకు కొనుక్కుంది. తీరా 1830లలో, ఆగిపోయిన పనిని నేను కొనసాగిస్తానని లక్ష్మయ్య అడిగితే, ఇంత పెద్ద పని స్థానికుడి వల్ల కాదని కలకత్తాలో ఆసియాటిక్ సొసైటీ కార్యదర్శి జేమ్స్ ప్రిన్సెప్ కొట్టిపారేశాడు. కాగితాలకు లక్ష పెట్టినవాళ్ళు, వాటిని చదవగలిగిన మనిషిని గుమ్మం దగ్గరే ఆపేశారు. ఆ కాగితాలు కొంతైనా నిలిచాయంటే తర్వాత సి.పి. బ్రౌన్ పాడైపోతున్నవాటిని తిరగరాయించబట్టే.

ఈలోగా కరణం చేతికి కాగితం, గళ్ళు వచ్చాయి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి గోదావరి నీళ్ళు కాలువలెక్కాక డెల్టాలో మెట్ట మాగాణి అయింది, శిస్తు మారింది, దాంతో లెక్క పెరిగింది. మద్రాసు ప్రభుత్వం సర్వే చేయించి ప్రతి చెక్కకూ నంబరిచ్చింది. ఇంగ్లీషు, తెలుగు పక్కపక్కన ఉన్న రిజిస్టరు ‘డైగ్లాట్’ అయింది. ఏ నంబరులో ఎవరు ఏ పంట వేశారో ఏటేటా రాసేది అడంగల్. ఎవరి పేరన ఎంత భూమి ఉందో చూపేది పదో నంబరు లెక్క. ఏడాదికోసారి జమాబందీలో, అంటే శిస్తు లెక్కల తనిఖీలో, ఇవన్నీ ఒకదానితో ఒకటి సరిపోవాలి. ఏడాది మాత్రం ఉగాదితోనూ మొదలవదు, జనవరితోనూ మొదలవదు. జూలైలో మొదలయ్యే ఫసలీ అది. క్రీస్తు శకంలోంచి 590 తీసేస్తే వస్తుంది.

గళ్ళన్నీ కుదిరినా కొల్లేరు మాత్రం గళ్ళలో ఇమడలేదు. బుడమేరు, తమ్మిలేరు పొంగితే సరస్సు పెరుగుతుంది. ఉప్పుటేరు గుండా సముద్రానికి నీళ్ళు లాగేస్తే తగ్గుతుంది. వానాకాలం నీళ్ళున్నచోటే ఎండాకాలం వరి. ఆ నేలను ఏ గడిలో రాయాలి? అలాంటిచోట పుస్తకం కంటే దాన్ని రాసే మనిషి మాటే చెల్లుబాటైంది. కరణాల గురించి సుమతీ శతకంలో పనిగట్టుకుని పద్యాలు చెప్పారంటే ఊరికే కాదు. నలుగురికీ అర్థంకాని రాత ఒకడి చేతిలో ఉంటే కలంతోనే పొలం గట్టు జరపొచ్చు.

అందుకే 1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి కరణం, మునసబు ఉద్యోగాలను ఒక్క కలంపోటుతో రద్దు చేస్తే ఊళ్ళలో చాలామంది పండగ చేసుకున్నారు. మరుసటేడు సుప్రీంకోర్టు కూడా ఆ రద్దును సమర్థించింది. వంశపారంపర్య పెత్తనం పోవలసిందే, సందేహం లేదు. అయితే అది ఫసలీ 1393 నడిమధ్య. పుస్తకాల అప్పగింత చాలాచోట్ల సరిగ్గా జరగలేదు. పుస్తకం చేతికొచ్చినచోట కూడా చదివి చెప్పే మనిషి పక్కన లేడు.

సాఫ్ట్‌వేర్‌లో ఇలాంటి మార్పు ఎలా చేస్తారో చూస్తే తేడా తెలుస్తుంది. మాంగోడీబీ అనే డేటాబేస్ 2015లో వైర్డ్‌టైగర్ అనే కొత్త స్టోరేజ్ ఇంజిన్ తెచ్చింది. పాత ఇంజిన్‌ను 2019 దాకా తీసెయ్యలేదు. నాలుగేళ్ళు రెండూ పక్కపక్కన ఉన్నాయి. కావలసినవాళ్ళు కావలసినప్పుడు మారారు.

మళ్ళీ మన భూమి లెక్కలకొస్తే, 1998 నవంబరులో ‘కార్డ్’ పేరుతో రిజిస్ట్రేషన్ ఆఫీసులు కంప్యూటర్లకు మారాయి. తర్వాత భూమి రికార్డుల కోసం వెబ్‌ల్యాండ్, మీభూమి వచ్చాయి. ఏలూరు రైతైనా, తాడేపల్లిగూడెం రైతైనా అడంగల్, తన పేరన ఉన్న భూమిని చూపే 1-బి ఫోన్‌లోనే చూసుకుంటున్నాడు. కానీ పాత పుస్తకంలో తప్పుంటే తెర మీదా తప్పే కనిపిస్తుంది. కొల్లేటి చిక్కు అసలు విడలేదు. 1999లో జీవో 120 ప్రకారం సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తున్న కాంటూరు లోపలి 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో చేపల చెరువుల గట్లు పగలగొట్టారు. ఆ గీత లోపల పట్టా ఉన్న జిరాయితీ భూములు కూడా ఉన్నాయి. దాంతో తగాదా కోర్టులకెక్కింది.

ఇక ఆ నిలువుగీతలు, అడ్డగీతలు ఏమయ్యాయంటే, 2008లో యూనికోడ్ 5.1లో చోటు సంపాదించాయి. హళ్ళి, ఆరు గీతల గుర్తులు, ధాన్యం కొలత తూము కలిపి ఎనిమిది. ఇప్పుడు వాటిని ఫోన్‌లో కూడా రాయొచ్చు. చదివేవాళ్ళే కరువు. మీ ఇంటి అటక మీద కరణీకం నాటి కట్టలుంటే పాత కాగితాలవాడికి వెయ్యకండి. గ్రంథాలయానికి ఇచ్చే ముందు కూడా, ఇంట్లో గొలుసుకట్టు రాత తెలిసిన పెద్దవాళ్ళెవరైనా ఉంటే వాళ్ళచేత నాలుగు పుటలు పైకి చదివించి ఫోన్‌లో రికార్డు చేయండి.